మూడు వేల మీద మునిశేఖర్

చచ్చిపోయిన మొగుడి గొంతు వినడానికి రోజూ పొద్దున్నే క్యారియరు కట్టుకుని బస్సెక్కే ఆడమనిషిని ఎక్కడైనా చూశారా? దేవకమ్మ అలాగే పోయేది. రేణిగుంట దాటాక గాజులమండ్యం పక్క వరసగా షెడ్లుంటాయి. వాటిలో బోర్డు మీది అక్షరాలు సగం రాలిపోయిన ఒక షెడ్డులో ట్రాక్టరు ఇరుసులకు పదును పెడతారు. పదునంటే కత్తి నూరే పదును కాదు. ఇనుమును ఎర్రగా కాల్చి, గబుక్కున నీళ్లు కొట్టి, పైపొరను రాయిలా గట్టిపరచడం. ఆ కాల్చే మిషను దగ్గర మునిశేఖర్ పని చేసేవాడు. అతను పోయాక అదే మిషను దగ్గర అతని పెళ్లాం నిలబడింది. మిషను కూత పెడుతుంది. ఆ కూతలో మునిశేఖర్ ఉన్నాడు. నవ్వేవాళ్లు నవ్వుకోండి గానీ, దేవకమ్మ ముందు మాత్రం నవ్వకండి. ఆమె చేతికి అందేంత దూరంలో ఎప్పుడూ ఒక ఇనుప కడ్డీ ఉంటుంది.

ఆ మిషను సంగతి కాస్త చెప్పాలి, లేకుంటే ఇదేదో ఊరికే దయ్యాల కథ అనుకుంటారు. దానిలో మంట ఉండదు. బొగ్గు లేదు, గ్యాసు లేదు. రాగి గొట్టాన్ని చుట్టగా చుట్టి పెట్టి ఉంటారు, దాన్ని కాయిల్ అంటారు. గొట్టం కాలిపోకుండా లోపల నీళ్లు పారుతుంటాయి. ఇరుసును ఆ చుట్ట నడుమ నిలబెడితే, ఏదీ తాకకుండానే, మనం చూస్తుండగానే ఎర్రబడుతుంది. కరెంటు అటూ ఇటూ తిరుగుతూ ఇనుము లోపలే వేడి పుట్టిస్తుంది. మామూలు లైను కరెంటు సెకనుకు యాభై సార్లు తిరుగుతుంది, అది ఈ పనికి చాలదు. అందుకని బీరువా అంత పెట్టె ఒకటి పక్కనే ఉంటుంది, పవర్ సప్లై అని. అది లైను కరెంటును తీసుకుని సెకనుకు మూడు వేల సార్లు తిప్పి కాయిల్‌కు ఇస్తుంది. ఆ తిప్పుడుకు పెట్టె అదురుతుంది, కాయిల్ అదురుతుంది, ఇరుసు అదురుతుంది. ఆ అదురుడే కూత.

ఎంత వేగంగా తిప్పితే వేడి అంత పైపైన ఉంటుంది. నిదానిస్తే లోతుకు దిగుతుంది. ట్రాక్టరు ఇరుసు బరువు మోయాలి, దానికి లోతు కావాలి, అందుకే మూడు వేలు. షెడ్డులో అందరూ దాన్ని ‘మూడువేలది’ అనే పిలిచేవాళ్లు, కోడలిని పుట్టింటి ఊరి పేరుతో పిలిచినట్టు.

ఇరుసు నల్లగా ఉన్నంతసేపూ మూడువేలది ఒకే తీరుగా కూస్తుంది. ఇనుము ఎర్రబడి, ఇక అయస్కాంతం పెట్టినా అంటుకోనంత వేడికి వచ్చిందంటే, కూత ఒక్కసారిగా పైకి లేస్తుంది. లేచాక ఒక గుటక మింగినంతసేపు ఆగి నీళ్లు తెరవాలి. మీటర్లు ఉన్నాయి, లేకపోలేదు. కానీ పాతవాళ్లంతా చెవితోనే నడిపేవాళ్లు. అందుకే కంపెనీ ఇచ్చిన చెవి బిరడాలను మునిశేఖర్ ఏనాడూ పెట్టుకోలేదు. “అయి పెట్టుకుంటే దాని మాట యట్ల ఇనపడతాదబ్బా?” అనేవాడు.

మునిశేఖర్‌ది కార్వేటినగరం పక్క పల్లె. దేవకమ్మ తల్లికి కడగొట్టు తమ్ముడు. కాబట్టి పెళ్లికి ముందూ మామే, పెళ్లయ్యాకా మామే. రేణిగుంటలో కాపురం పెట్టాక, సాయంత్రం పని నుంచి వచ్చి వీధిలో బండికి స్టాండు వేస్తూనే “దేవకీ...” అని పిలిచేవాడు. ‘దేవ’ నేల మీదే ఉండేది, ‘కీ’ మాత్రం మిద్దెక్కి కూర్చునేది. వీధిలో పిల్లలు అలాగే పిలిచి వెక్కిరించేవాళ్లు. “మెల్లగ పిలిస్తే పలకనా మామా, నేనేమన్నా కొండమింద ఉండానా?” అని ఈమె విసుక్కునేది. ఆ విసుగును ఇప్పుడు తలుచుకుంటే దేవకమ్మకు తన నోటి మీద తనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని మునిశేఖర్ తల పైకెత్తాడు.

“మేయ్, ఆ మోటారు ఆపు.”

“ఏ మోటారు?”

“కూస్తాండాది గదా, ఇనపడలేదా?”

ఫ్యాను ఆపారు. ఫ్రిజ్జు ఆపారు. పక్కింటి బోరు మోటారేమో అని మునిశేఖర్ గోడెక్కి చూసి వచ్చాడు. ఆఖరుకు మీటరు దగ్గర ఫ్యూజు పీకేశారు. ఆ ఉక్కలో ఇద్దరూ చెవులు రిక్కించి కూర్చున్నారు. ఆమెకు పక్కింట్లో గిన్నెలు తోమే చప్పుడు వినిపించింది. అతనికి మూడువేలది వినిపించింది.

“నా యెనకే వచ్చేసినాది మే,” అన్నాడు.

పగటిపూట, నట్టింట్లో, కూడు కలిపిన చెయ్యి కంచంలో ఉండగానే అతను ఎవరో భుజం తట్టినట్టు ఎడమ పక్కకు తిరిగి చూశాడు.

ఆ తర్వాత ‘స’ పోయింది. మన చిత్తూరు పక్క చ కూడా సగం స కదా. చూడు అంటే సూడు, చెప్పు అంటే సెప్పు. ఆ స మునిశేఖర్ చెవికి అందడం మానేసింది. “సద్ది తిను మామా” అంటే “అద్దెకా? ఎవురిల్లు?” అనేవాడు. “సారు వచ్చినాడు” అంటే “ఆరు మందా?” అని చాప తెచ్చి పరిచేవాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, శిరీష. ఆ పేరు మునిశేఖరే ఏరికోరి పెట్టుకున్నాడు. అప్పుడు బడికి పోతుండేది. ఒకరోజు దాని స్నేహితురాలు వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలిస్తే, “ఎవురో ఇరీ అంట, మనింట్లో ఎవురుండారు ఇరీ?” అని లోపలికి కేకేశాడు. శిరీష పడీ పడీ నవ్వింది. దేవకమ్మ నవ్వింది. వాళ్లు నవ్వుతుంటే చూసి అతనూ నవ్వాడు. ఇంట్లో ఎవరికీ అది జబ్బని తట్టలేదు. అయ్యో, ఒక్కరికైనా తట్టి ఉంటే!

దేవకమ్మ దాన్ని గాలి అనుకుంది. కార్వేటినగరం దగ్గర నాగులమ్మ అని మంత్రం వేసే ముసలామె ఉంటే, మొగుణ్ణి బతిమాలి అక్కడికి తీసుకుపోయింది. నాగులమ్మ వేపమండ తిప్పింది, నిమ్మకాయ కోసింది, రాగి తాయెత్తు ఒకటి నల్లదారానికి గుచ్చి అతని ముంజేతికి కట్టింది. “ఇనుములోని గాలి రాగికి బయపడతాది. ఇంగ నీ జోలికి రాదు పో నాయనా,” అంది.

మర్నాడు మిషను నడుస్తుండగా ఇరుసు కొంచెం పక్కకు ఒరిగింది. మునిశేఖర్ దాన్ని సరిచెయ్యబోయి చెయ్యి కాయిల్ దాకా చాచాడు. ముంజేతి మీద తాయెత్తు చుర్రుమంది. చింతగింజంత బొబ్బ లేచింది. ఇంకేం కావాలి? సాయంత్రం ఇంటికొచ్చి ఆ బొబ్బ చూపించాడు.

“సూసినావా? తాయెత్తును కరిసింది. ఒప్పుకోలా అది.”

షెడ్డులో కరెంటు పనులు చూసే గురప్ప ఇది విని తల బాదుకున్నాడు. “రాగి గదప్పా! కాయిల్ పక్కన పెడితే దాంట్లోనూ కరెంటు తిరుగుతాది, కాలతాది. నీ ఉంగరం పెట్టినా కాలతాది, నీ మొలతాడు బిళ్ల పెట్టినా కాలతాది. దానికి దెయ్యమెందుకు?” అని అరిచి చెప్పాడు. మునిశేఖర్ నమ్మలేదు. నిజం చెప్పాలంటే, గురప్ప మాటల్లో సగం అతనికి వినపడి కూడా ఉండవు. తాయెత్తును మాత్రం విప్పలేదు, పెళ్లాం కట్టించింది కదా అని. కొన్నాళ్లకు భయం కూడా పోయింది. “ఉండనీలే మే. పగలంతా దాని మాట నేనింటా ఉండా. ఇంటికొచ్చినాక గూడా నాతో నాలుగు మాటలు సెప్పుకోనీ,” అనేవాడు.

షెడ్డు బయట లారీలు ఆగేచోట ఒక టీ బంకు ఉంది. మునిశేఖర్ పోయింది అక్కడే, పట్టపగలు. సరుకు ఎత్తుకోవడానికి వచ్చిన లారీ వెనక్కి వస్తోంది. వెనక్కి వచ్చే బళ్లకు ఈ కాలంలో కీ, కీ, కీ అని ఒక కూత పెడుతున్నారు కదా. ఆ కూతా, మూడువేలది కూతా అక్కచెల్లెళ్లు. అక్కడ ఉన్నవాళ్లందరికీ వినిపించింది, అందరూ తప్పుకున్నారు. మునిశేఖర్ చేతిలో టీ గ్లాసుతో అలాగే నిలబడ్డాడు. “కూత కొడతానే ఉండాది సామీ, కూత కొడతానే ఉండాది,” అని లారీ డ్రైవరు నేల మీద కూలబడి ఏడ్చాడు. వాడి ఏడుపు చూసి ఎవరూ వాడి మీద చెయ్యి చేసుకోలేదు.

ఆసుపత్రి వాళ్లు దారం కత్తిరించి తాయెత్తును దేవకమ్మ చేతిలో పెట్టారు. ఆమె దాన్ని రవికెలో దోపుకుంది. ఆ తర్వాత అది ఆమెను విడిచి ఉండింది లేదు.

షెడ్డు యజమాని దేవకమ్మకు పని ఇచ్చాడు. మొదట ఇరుసులకు నూనె రాసి గోతాలు చుట్టే పని. మునిశేఖర్ స్థానంలో వచ్చినవాడు నాలుగు నెలలు కూడా నిలవకుండా చెన్నైకి పోతే, “నేను నిలబడతా” అని ఈమే ముందుకు వచ్చింది. గురప్ప దగ్గరుండి నేర్పించాడు. మొదటిసారి తనే బటన్ నొక్కిన రోజు దేవకమ్మ రవికెలోని తాయెత్తును ఒకసారి తడిమి చూసుకుంది. మొగుణ్ణి పట్టిన గాలి అని తను అనుకున్నది ఇదే కదా! కూత మొదలైంది. ఇరుసు నల్లగా ఉంది. మెల్లగా మబ్బు ఎరుపు వచ్చింది, ఎరుపు తేటబడింది. కూత ఒక్కసారిగా పైకి లేచింది.

దేవ... కీ!

ఆమె నీళ్లు తెరవడం మరచిపోయింది. ఇరుసు మాడిపోయింది. గురప్ప పరుగెత్తుకొచ్చి మిషను ఆపి, “యాడ సూస్తాండావు దేవకక్కా?” అని కసిరాడు. దేవకమ్మ ముఖం నిండా కన్నీళ్లు, పెదవుల మీద నవ్వు.

“పిలిసినాడురా,” అంది.

గురప్ప మాడిన ఇరుసును పక్కన పడేసి ఇంకొకటి ఎత్తి పెట్టాడు.

అప్పటి నుంచి దేవకమ్మకు పని పని కాదు. ఎన్ని ఇరుసులు పెడితే అన్ని సార్లు పిలుపు. చెవి బిరడాల ప్యాకెట్టును ఆమె విప్పనే లేదు. విప్పుతుందా? మొగుడు పిలుస్తుంటే చెవులు మూసుకునే ఆడది ఎవరు? సూపర్‌వైజరు వచ్చినప్పుడు చెవుల్లో దూది కనపడేలా పెట్టుకుని, అతను పోగానే తీసేసేది. ఇలా ఏళ్లు గడిచాయి. ఒక వానాకాలం సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని ఉంటే, ఎడమ చెవి పక్కన సన్నగా మొదలైంది. ఆమె ఫ్యాను ఆపలేదు. ఫ్యూజు పీకలేదు. మోటారు ఎవరిదని అడగలేదు. అన్నం తినేటప్పుడు మునిశేఖర్ ఆమెకు ఎప్పుడూ ఎడమ పక్కనే కూర్చునేవాడు.

“ఇంటికొచ్చినావా మామా?” అని ఇంకో కంచం తీసి అక్కడ పెట్టింది.

శిరీష అప్పటికి చదువు ముగించి తిరుపతిలో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తోంది. అక్కడే ఇద్దరమ్మాయిలతో గది తీసుకుని, ఆదివారాలు ఇంటికి వచ్చేది. వాళ్లమ్మ ఒక్కతే మాట్లాడుకోవడం చూసింది. ఖాళీ కంచం చూసింది. ఒంటరితనంలే అని సరిపెట్టుకుంది. ఒక ఆదివారం గిన్నెలు సర్దుతూ, “మా సారు ఫోన్ చేసినాడమ్మా,” అంది.

“ఆరు గంటలకా?” అంది దేవకమ్మ.

శిరీష నవ్వబోయి ఆగిపోయింది. ఈ నవ్వు తను ఇంతకుముందు ఒకసారి నవ్వి ఉంది. చేతిలోని గిన్నె కింద పెట్టి వాళ్లమ్మ ముందుకు వచ్చి కూర్చుంది.

“అమ్మా, నీకు సెవిలో కూత ఇనపడతాందా?”

దేవకమ్మ ఎడమ పక్కకు చూసింది.

“నాయనకు మాదిరే ఇనపడతాందా? రేపు డాక్టరు దగ్గరికి పోదాం. అది జబ్బమ్మా. నేను ఇంతకుముందే కనుక్కోవాల్సింది.”

“జబ్బా!” దేవకమ్మ లేచి నిలబడింది. “ఉండాది. ఉంటే నీకేంది? మీ నాయన ఇన్నాళ్లకు ఇల్లు ఎతుక్కుని వస్తే, పట్టుకపోయి డాక్టరుకు ఇస్తావా?”

ఆ రోజు తల్లీకూతుళ్లు ఇద్దరూ అన్నం తినలేదు. శిరీష తిరుపతి బస్సెక్కేటప్పుడు కూడా ముఖం తిప్పుకునే ఉంది.

ఇంతలో షెడ్డులో ఇంకో దెబ్బ. ట్రాక్టరు ఇరుసుల పని తగ్గిపోయి మోటారుసైకిళ్ల పిన్నుల పని వచ్చింది. పిన్ను వేలంత ఉంటుంది. దాన్ని మూడు వేల మీద కాలిస్తే వేడి నడిమధ్య దాకా పోయి, పిన్ను పిన్నంతా పెళుసైపోతుంది. పైపొర ఒక్కటే గట్టిపడాలి. అంటే ఇంకా వేగంగా తిప్పే పెట్టె కావాలి. పాత పెట్టె తీసేసి ముప్పై వేల మీద నడిచేది తెస్తున్నారని గురప్ప చెప్పాడు.

“దాని కూత యట్ల ఉంటాది?” అని అడిగింది దేవకమ్మ.

“కూతా? ఉండదక్కా. ఇరవై వేలు దాటితే మనిసి సెవికి అందదు. కుక్కలకైతే ఇనపడతాదంట.”

“అంటే కూస్తానే ఉంటాది, మనకు ఇనపడదు. అంతేనా?”

“అంతే. సెవులకు సుకం గదా!”

గురప్ప సంతోషంగానే చెప్పాడు. ఆమె మాత్రం మూడువేలదాని వైపు తిరిగి చూసింది. మామ ఉంటాడు, పిలుస్తాడు, తనకు వినపడడు. షెడ్డు కూత పోతే చెవిలోది మాత్రం ఎన్నాళ్లుంటుంది?

మూడువేలదాన్ని విప్పే రోజు ఆఖరి ఇరుసును ఆమే పెట్టింది. బటన్ నొక్కి, రవికెలోంచి తాయెత్తు తీసి అరచేతిలో పెట్టుకుని, ఆ చేతిని కాయిల్ దగ్గరికి చాచింది. గురప్ప చూశాడు. అరవడానికి నోరు తెరిచి మూసుకున్నాడు. రాగి ఎందుకు కాలుతుందో అతనొకప్పుడు చెప్పింది ఆమెకు తెలుసు. తెలిసే చాచింది. తాయెత్తు గోరువెచ్చనయింది, మునిశేఖర్ ముంజేతిని పట్టుకున్నంత వెచ్చన. తర్వాత చురుక్కుమంది. ఆమె చెయ్యి తియ్యలేదు. కూత పైకి లేచి, ‘కీ’ అని సాగింది. కుడిచేత్తో నీళ్లు తెరిచింది. ఆవిరి గుప్పుమని లేచి ఇద్దరినీ కమ్మేసింది.

“సాలక్కా. ఇంగ ఆపు,” అన్నాడు గురప్ప. దేవకమ్మ మిషను ఆపింది. అరచేతిలో చింతగింజంత బొబ్బ లేచింది.

కొత్త పెట్టె వచ్చాక షెడ్డు నిజంగా దయ్యాల కొంపలా తయారైంది. పిన్ను పెడితే చప్పుడు లేకుండా ఎర్రబడుతుంది, చప్పుడు లేకుండా చల్లారుతుంది. మిగిలినవాళ్లంతా హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. దేవకమ్మకు ఆ ఎర్రని పిన్నును చూస్తే, గొంతు నొక్కిన మనిషి నోరు తెరిచి చూస్తున్నట్టు ఉండేది. పొద్దున మెలకువ రాగానే కళ్లు తెరవకుండా ఎడమ చెవిని వెతుక్కునేది. ఉందా? ఉంది. అమ్మయ్య. ఒక్కోరోజు వీధిలో బళ్ల రొదకు వెంటనే దొరికేది కాదు. అప్పుడు దిండును తల మీద కప్పుకుని, దొరికేదాకా ఊపిరి బిగబట్టి పడుకునేది.

కూతురి కోపం తీర్చాలని ఒకనాడు నిమ్మకాయ పచ్చడి డబ్బా తీసుకుని తిరుపతి వెళ్లింది. ల్యాబు ముందు సందు ఇరుకు. శిరీష మెట్ల మీదకు వచ్చి చెయ్యి ఊపింది. అప్పుడే నీళ్ల క్యాన్లు దించిన వ్యాను ఒకటి వెనక్కి రావడం మొదలుపెట్టింది. కీ, కీ, కీ. దేవకమ్మ సందు నడుమ ఆగిపోయింది. ఆమె ముఖంలోకి నవ్వు వచ్చింది. వ్యాను వస్తూనే ఉంది, ఆమె నవ్వుతూనే నిలబడింది. శిరీష మెట్లు దూకి వచ్చి కొంగు పట్టి లాగింది. ఇద్దరూ గోడకు కొట్టుకున్నారు. పచ్చడి డబ్బా చక్రం కింద పడి పగిలింది.

“ఇనపడలేదా నీకు? అంత కూత కొడతాంటే ఇనపడలేదా?”

“ఇనపడినాది,” అంది దేవకమ్మ మెల్లగా. “మీ నాయన అనుకుంటి.”

శిరీష వాళ్లమ్మ భుజాలు రెండూ పట్టి కుదిపేసింది. అంతమంది చూస్తున్నారని కూడా లేకుండా బావురుమంది.

“నాయన గూడా ఇట్లనే నిలబడి ఉంటాడమ్మా! ఆ పొద్దు ఆడ ఇట్లనే నిలబడి ఉంటాడు!”

లారీ వెనక్కి వస్తుంటే మామ ఏం విన్నాడని ఇన్నేళ్లలో దేవకమ్మ ఒక్కసారి కూడా అనుకోలేదు. ఇప్పుడు కళ్ల ముందు కనపడింది. చేతిలో టీ గ్లాసు, ముఖం నిండా ఆ నవ్వు. కూతురు చెయ్యి పట్టుకుని మారు మాట లేకుండా ఆసుపత్రికి నడిచింది.

చెవుల డాక్టరు ఆమెను చప్పుడు లేని గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాడు. తర్వాత నిదానంగా చెప్పాడు. ఏళ్ల తరబడి ఒకే కూత వింటే లోపలి నరం ఆ కూత దగ్గరే దెబ్బతింటుంది. బయటి నుంచి ఆ శబ్దం అందడం తగ్గిపోతూ వస్తుంది. స, శ లాంటివి ముందు పోతాయి. అందని చోట మెదడు తనే ఒక మోత కల్పించుకుంటుంది. దేవకమ్మ ఇదంతా విన్నదో లేదో. ఆమె అడగాలనుకున్నది ఒక్కటే.

“ఇది పోతాదా సార్?”

డాక్టరు మంచివాడు, మొహమాటపడ్డాడు. “పోదమ్మా. తగ్గించే మందు లేదు. అలవాటు చేసుకోవాలి.”

“మిషను తీసేసినారు సార్. అయినా పోదా?”

“పోదు. జీవితాంతం ఉంటుంది.”

దేవకమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. కళ్లు తుడుచుకుంది. డాక్టరు అయోమయంగా శిరీష వైపు చూశాడు. శిరీష తల వంచుకుంది.

“కానీ చెవికి మిషను పెడతాను,” అన్నాడు డాక్టరు, ధైర్యం చెబుతున్నాననుకుని. “అది పెట్టుకుంటే మాటలు అందుతాయి, బండి కూతా అందుతుంది. బయటి చప్పుళ్లు అందితే లోపలి మోత వెనక్కి పోతుంది. ఉన్నట్టే తెలియదు.”

“వద్దు,” అంది దేవకమ్మ.

శిరీష వాదించలేదు. వాళ్లమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, “నా పేరు ఒకసారి అంటా. నీకు యట్ల ఇనపడితే అట్ల సెప్పు,” అంది. అని, తన పేరు తనే పలికింది.

దేవకమ్మకు ఆ పేరు తెలియక కాదు. వెయ్యి సార్లు పిలిచిన పేరు. కానీ చెవికి వచ్చిందేదో అదే చెప్పమంది పిల్ల. ఆమె పెదవులు కదిలాయి.

“ఇరీ,” అంది.

ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. మామ ఏరికోరి పెట్టిన పేరు, దానిలో సగం తన చెవిలోనే చచ్చిపోయిందని దేవకమ్మకు అప్పుడు తెలిసింది. ముసలితనంలో కూతురు ఏం చెప్పినా సగమే వస్తుంది. ఆ మిగతా సగం చోట కూత ఉంటుంది. చాలాసేపు కూతురి తల నిమురుతూ కూర్చుని, “పెట్టమను,” అంది.

మిషను వచ్చిన రోజు శిరీష సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. వేరుశెనక్కాయంత మిషను. దాన్ని ఎడమ చెవి వెనక తగిలించి, సన్నని గొట్టం చెవిలోకి దూర్చింది. దేవకమ్మ వంటింటి గడపలో కూర్చుంది. ముందు తన చీర చప్పుడు వినిపించి ఉలిక్కిపడింది. తర్వాత పోపులో ఆవాలు. ఎదురింటి వాకిట్లో చీపురు. పక్కింటి కుళాయి. ఇన్ని చప్పుళ్లు ఇంత కాలం ఎక్కడ దాక్కున్నాయి!

“అమ్మా, సద్ది తింటావా?” అంది శిరీష.

స వచ్చింది. సన్నగా, గరుగ్గా, వేసవిలో తొలి వాన చుక్క మాదిరి వచ్చింది. దేవకమ్మ ముఖం విప్పారింది. “ఇంగోసారి అను,” అంది. శిరీష నవ్వుతూ అన్నది. “నీ పేరు సెప్పు,” అంది. చెప్పింది. పేరు నిండుగా, చెవి నిండా వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఎడమ పక్క. వెతికింది. ఆవాలు ఉన్నాయి, చీపురు ఉంది, కుళాయి ఉంది. అతను లేడు. మిషను పీకి చేతిలో పట్టుకుంది.

ఉన్నాడు. ఎక్కడికీ పోలేదు. అదే పిలుపు, నేల మీంచి మిద్దెక్కే ఆ పిలుపు. ఎదురుగా శిరీష ఏదో చెబుతోంది, పెదవులు కదులుతున్నాయి, మాట సగమే అందుతోంది. చెప్పి, జవాబు కోసం చూస్తోంది. దేవకమ్మ ఒకసారి కూతురిని చూసింది. తర్వాత ఎడమ పక్కకు తిరిగి, సద్దికి పిలిచినంత మామూలుగా అంది.

“కొంచేపు ఓర్సుకో మామా. పిల్ల ఏందో సెప్తా ఉండాది. ఇనేసి వస్తా.”